కుర్చీ కదలకుండా క్లబ్బు నడపడం ఎలా?

ఫుట్‌బాల్ క్లబ్బు నడపాలంటే కోట్లు కావాలని మీకెవరో అబద్ధం చెప్పారు. కోరుట్ల బస్టాండు దగ్గర ఒక చాయ్ హోటల్లో, లోపలి నుంచి నాలుగో బల్ల మీద కూర్చుని పన్నెండేళ్ళుగా నేను మూడు క్లబ్బులు నడుపుతున్నాను. ఒకటి మాంచెస్టర్‌లో, ఒకటి మాడ్రిడ్‌లో, ఇంకొకటి మొన్నటిదాకా హైదరాబాద్‌లో. నా జేబులోంచి ఇప్పటిదాకా రూపాయి పోలేదు. హోటలాయన జేబులోంచి ఎంత పోయిందో ఆయన నోట్‌బుక్కులో ఉంది, దాని సంగతి తర్వాత.

కావలసిన సామాను రాసుకోండి. గోడకు ఆనుకుని, చార్జింగ్ పాయింటు చేతికందేలా ఉన్న కుర్చీ ఒకటి. ఉద్దెర పెట్టే హోటలు ఒకటి. రోజుకు ఒకటిన్నర జీబీ. మీకంటే తక్కువ తెలిసిన దోస్తులు ఇద్దరు. ముగ్గురిని పెట్టుకోకండి, మూడోవాడు ఎప్పుడో ఒకప్పుడు మ్యాచ్ చూసి వస్తాడు. బంతి అక్కర్లేదు.

యూరప్‌లో ఆటగాళ్ళను కొనుక్కునే కిటికీ ఎండాకాలంలో ఒకసారి, జనవరిలో ఒకసారి తెరిచి టైముకు మూసేస్తారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఆ కిటికీకి రెక్కలే బిగించలేదు. ఏడాది పొడుగునా గాలి వస్తూనే ఉంటుంది. కాబట్టి ఈరోజే మొదలుపెట్టండి.

1. బస్సు పోయే ఊరి క్లబ్బును అభిమానించకండి.

జగిత్యాల నుంచి హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్ల లోపే. గచ్చిబౌలి స్టేడియంలో మ్యాచ్ అంటే ఎవడో ఒకడు "పోదాం పా" అననే అంటాడు. పోతే బస్సు చార్జీ, టికెట్టు, రాత్రి ఎక్కడ పండుకోవాలన్న రంధి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఆటను కళ్ళారా చూడాల్సి వస్తుంది. చూసినవాడి అభిప్రాయం నిలకడగా ఉండదు. అదే మాంచెస్టర్ అనుకోండి, "పోయినవా?" అని తల్లి కూడా అడగదు.

ఏ క్లబ్బు అన్నది మీరు తేల్చుకోనవసరం లేదు. దుబాయ్ నుంచి బావ తెచ్చే జెర్సీ తేలుస్తుంది. మా బల్ల మీది దోస్తుకు అట్లాగే ఒక ఎర్ర జెర్సీ దొరికింది. చేతులు తెల్లవి, ఛాతీ మీద "ఫ్లై ఎమిరేట్స్" అని రాత. ఉతికి ఉతికి అందులో రెండక్షరాలు రాలిపోయాయి. అది తొడుక్కుని వాడు ఆరేళ్ళు మాంచెస్టర్ యునైటెడ్ కోసం కొట్లాడాడు. ఒకరోజు ఇంటర్ చదివే పిల్లగాడొకడు సమోసా తింటూ, "అన్నా, ఇది ఆర్సెనల్‌ది. 2006 నుంచి ఈ విమానాల కంపెనీ పేరు వాళ్ళ ఛాతీ మీదనే ఉంటది" అన్నాడు. హోటలంతా నిశ్శబ్దం. మా వాడు చాయ్ గ్లాసు కింద పెట్టి, "అది బావ ఎక్కిన విమానం పేరు రా. జెర్సీకి దానికి ఏం సంబంధం?" అన్నాడు. మరుసటి రోజు నుంచి ఆ పిల్లగాడు ఇంకో హోటలుకు పోతున్నాడు. నాయకుడంటే అట్లా ఉండాలి.

2. ప్రతి బేరానికీ రెండు మాటలు దగ్గర పెట్టుకోండి.

క్లబ్బు ఎవరినైనా కొంటే "దండుగ". కొనకపోతే "పీనాసి". ఈ రెండిటితో ముప్పై ఏళ్ళు గడిచిపోతాయి. ఆటగాడి పేరు పలకడం రాకపోయినా ఇబ్బంది లేదు, "వాడు" అంటే చాలు.

ఒక్క అంకె మాత్రం నోటికి పట్టండి: 222 మిలియన్ యూరోలు. 2017లో నెయ్‌మార్ కోసం పారిస్ వాళ్ళు బార్సిలోనాకు కట్టిన సొమ్ము. ఇన్నేళ్ళయినా ఆ రికార్డు చెదరలేదు. రూపాయల్లో పదహారు వందల కోట్లు దాటింది. ఈ అంకెను ఏ వాదన మధ్యలో విసిరినా అవతలివాడు ఒక్క క్షణం నోరు తెరుస్తాడు. ఆ క్షణంలో మీరు గెలిచేయాలి.

గెలుపు ఖాయం కావాలంటే వాదన సిరిసిల్లకు మార్చండి, అదీ సాంచాలు, అంటే మరమగ్గాలు నడిచే షెడ్డులోకి. నా దోస్తొకడు అక్కడ నాలుగు సాంచాలు చూసుకుంటాడు. ఆ మోతలో మన మాట మనకే వినపడదు, ఎదుటివాడి జవాబు అసలే వినపడదు. 2017 అంటే అక్కడ ఇంకో లెక్కలో కూడా గుర్తే, బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైన ఏడాది. నేను దూది దుమ్ములో నిలబడి నెయ్‌మార్ ధర అరిచి చెబుతుంటే వాడు తెగిన పోగును వేళ్ళతో పట్టి, ముడి వేసి, సాంచ మళ్ళీ నడిపించి, నా చెవి దగ్గరికి వచ్చి, "మీటరు కూలి లెక్కన గది ఎన్ని మీటర్లు?" అని అరిచాడు. ఇలాంటి ప్రశ్న వస్తే వెంటనే ఫోను చెవికి పెట్టుకుని బయటికి రండి. లెక్క చేసేవాడితో వాదన పెట్టుకోవద్దు.

3. పూత మీదనే తోట పట్టండి.

ఇది జగిత్యాల వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. కాయ కనపడకముందే పూత చూసి మామిడితోట గుత్తకు పట్టే ఊళ్ళు మనవి. కాస్తే చల్గల్ మార్కెట్‌లో మీసం తిప్పుతాం, గాలివానకు రాలితే దేవుణ్ణి తిడతాం. పదహారేళ్ళ పిల్లగాణ్ణి చూసి "వీడు పదేళ్ళు ఏలుతడు" అని తీర్పు ఇవ్వడం కూడా ఇంతే.

రియల్ మాడ్రిడ్ వాళ్ళు బ్రెజిల్ కుర్రాడు ఎన్‌డ్రిక్‌ను 2022 డిసెంబరులో, వాడికి పదహారేళ్ళప్పుడే ఖాయం చేసుకున్నారు. పద్దెనిమిది నిండనిదే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఆటగాణ్ణి మార్చడం ఫిఫా నిబంధనల ప్రకారం సాధారణంగా కుదరదు. అందుకని 2024 ఎండాకాలం దాకా చెట్టు మీదనే ఉంచారు. మీకు అంత ఓపిక అక్కర్లేదు. వాడు గోల్ కొట్టిన రోజు "పూతప్పుడే చెప్పిన" అనండి. బెంచీ మీద కూర్చున్న రోజు కూడా "పూతప్పుడే చెప్పిన" అనండి. ఏమి చెప్పారో ఎవరూ రాసిపెట్టుకోరు.

4. సోర్సు పేరు చెప్పకండి, దేశం పేరు చెప్పండి.

వార్త ఎక్కడిదని అడిగితే తడబడేవాడు ఇంకా పచ్చివాడు. మన జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు ఉందా? రొనాల్డో రియాద్ క్లబ్బు అల్ నస్ర్‌లో చేరుతున్నాడని 2022 డిసెంబరు 30న ప్రకటించారు. ఆ రాత్రి నుంచి రియాద్‌లో నీళ్ళ ట్యాంకర్ తోలే మా బావమరిది క్రీడావిలేకరి అయిపోయాడు. అంతకుముందు ఫోను చేస్తే "కంపెనీ రెండు నెలలుగా జీతం ఇయ్యలేదు" అని ఏడ్చేవాడు. నేను ఆ మాట దాటేసి, "రొనాల్డో మోకాలు ఎట్లున్నది?" అని అడగడం నేర్చుకున్నాను. వాడు "మంచిగనే ఉన్నది కావచ్చు" అన్నాడు. అది చాలు. బల్ల దగ్గరికి వచ్చి, "రియాద్ నుంచి పక్కా సమాచారం, మోకాలు ఫిట్టు" అని ప్రకటించాను. "కావచ్చు" అన్న మాటను దారిలోనే కోసేయాలి. మిర్చి తొడిమ తీసినంత సుళువు.

5. ఏజెంటు మాటే వేదం.

ఆటగాళ్ళ ఏజెంట్లు అబద్ధాలు చెబుతారని కొందరు అంటారు. మనకు ఏజెంట్లు కొత్తా? ఆఫీసు పని అని చెప్పి ఎడారిలో ఒంటెల దగ్గర దింపినా, ఊరికి తిరిగి వచ్చి అదే ఏజెంటుకు తమ్ముడి పాస్‌పోర్టు ఇచ్చినవాళ్ళం. నమ్మకం అంటే అది. అదే నమ్మకాన్ని ఫుట్‌బాల్‌కు మళ్ళించండి.

ఈ వాదనలో మీరు మెరవాలంటే బోస్‌మన్ పేరు వాడండి. బెల్జియం ఆటగాడు. కాంట్రాక్టు అయిపోయినా పాత క్లబ్బు సొమ్ము ముట్టనిదే వదలనంది. గల్ఫ్‌లో కఫీల్, అంటే యజమాని చేతిలో పాస్‌పోర్టు ఉన్న మనిషి పరిస్థితి మనకు వేరే చెప్పాలా? బోస్‌మన్ కోర్టుకెక్కాడు. 1995 డిసెంబరు 15న యూరప్ న్యాయస్థానం, కాంట్రాక్టు ముగిసినవాడు తనకిష్టమైన చోటికి పైసా లేకుండా పోవచ్చని తేల్చింది. ఫ్రీ ట్రాన్స్‌ఫర్ అన్న మాటకు బలం అక్కడిది. కతర్ వాళ్ళు కార్మికుడు కంపెనీ మారడానికి ఎన్‌ఓసీ అక్కర్లేదన్నది 2020లో, అంటే ఆటగాళ్ళ కంటే పాతికేళ్ళు ఆలస్యంగా. ఇది చెబితే ఎవడైనా కూలివాళ్ళ సంగతి ఎత్తుకుంటాడు. ఎత్తుకోనివ్వకండి. "ఫ్రీగా వచ్చినోడు ఆడతడా?" అని వెంటనే అడ్డం కొట్టండి.

6. సర్వర్ డౌన్.

మీరు వస్తాడన్న ఆటగాడు రాకపోతే కారణం ఇదే. వేరే కారణం వెతకకండి. మీసేవ ముందు నిలబడ్డ ప్రతి ఒక్కరూ ఈ మాటను తలూపి ఒప్పుకుంటారు. ఇది కల్పన కూడా కాదు: 2015 ఆగస్టు 31 అర్ధరాత్రి మాంచెస్టర్ యునైటెడ్ గోల్ కీపర్ డి హెయా రియల్ మాడ్రిడ్‌కు పోవాల్సింది, కాగితాలు కొద్ది నిమిషాలు ఆలస్యంగా చేరి బేరం చెడింది. తప్పు మాది కాదంటే మాది కాదని రెండు క్లబ్బులూ ప్రకటనలు ఇచ్చుకున్నాయి. అంత పెద్దవాళ్ళే ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చినట్టు కౌంటరు ముందు నిలబడిపోతే, మీ జోస్యం తప్పినందుకు మీరెందుకు సిగ్గుపడాలి?

7. జట్టును మ్యాచ్ అయ్యాకే ఎంపిక చేయండి.

ఈ ఒక్క చిట్కాకే నాకు సన్మానం చేయాలి. కోచ్ అనే అమాయకుడు ఆటకు గంట ముందు పదకొండు పేర్లు రాసి ఇచ్చి ఇరుక్కుంటాడు. మీరు చివరి విజిల్ దాకా ఆగండి. అప్పుడు మీ పదకొండు మందిని చెప్పండి. మీ జట్టు ఎన్నడూ ఓడదు.

2022 మార్చి 20. గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్. మన హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. స్టేడియమంతా కేరళ పసుపే. వాళ్ళు ఒక గోల్ ముందున్నారు. కోచ్ మనోలో మార్కెజ్ బెంచీ మీంచి సాహిల్ తవోరాను దింపాడు. నేను బల్ల గుద్ది, "వీడెవడు? వీణ్ణి దించి మ్యాచ్ అమ్ముకున్నరు" అన్నాను. ఆ బల్ల మీద గ్లాసు పగిలింది, దాని ధర కూడా నోట్‌బుక్కులో ఉంది. 88వ నిమిషంలో అదే తవోరా గాల్లోంచి వచ్చిన బంతిని గోల్‌లోకి కొట్టాడు. పెనాల్టీలలో కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. మనం ఛాంపియన్లం.

అప్పుడు నేనేం చేశానో నేర్చుకోండి. గోల్ పడగానే కుర్చీ ఎక్కి, "నేను చెప్పలే? తవోరాను దించమని మొదటి నుంచి మొత్తుకుంటున్న!" అని అరిచాను. ఇద్దరు దోస్తులూ నా మొహం చూశారు. నేను వాళ్ళకంటే గట్టిగా అరుస్తున్నాను కాబట్టి ఊరుకున్నారు. గొంతు ముందు, జ్ఞాపకం తర్వాత.

8. నిబంధనలు నేర్చుకోకండి.

ఐఎస్ఎల్‌లో 2021 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయుల కంటే ఎక్కువ ఉండకూడదు. ఈ సంగతి నాకు తెలియని రోజుల్లో ఆరుగురిని దించి అద్భుతమైన జట్టు తయారుచేశాను. తెలిశాక ఆ జట్టు పాడైంది. తెలుసుకున్నందుకు నాకు దక్కింది అంతే.

9. జీతాల ఊసెత్తకండి.

ఇక్కడ కొంచెం సేపు కూర్చోండి, చాయ్ ఇంకోటి చెప్పండి, నా ఖాతాలోనే రాయించండి.

హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది 2019లో. పుణెలో ఒక క్లబ్బు మూతపడితే దాని స్థానంలో వచ్చింది. అంటే మన క్లబ్బే ఒక ట్రాన్స్‌ఫర్. మొదటి ఏడు అట్టడుగు. మూడో ఏటికి ఛాంపియన్. ఆ తర్వాత ఏడు లీగులో రెండో స్థానం. ఇలాంటి క్లబ్బు మీద తెలివైన అభిమాని ఏం అడగాలి? స్టేడియంలో జనం ఎందుకు లేరు? క్లబ్బుకు రాబడి ఎంత? ఆటగాళ్ళకు నెలనెలా జీతం అందుతున్నదా? ఇవి అడిగితే చర్చ పది నిమిషాల్లో అయిపోయి మీరు ఇంటికి పోయి పొలం పని చూసుకోవాల్సి వస్తుంది. కాబట్టి అడగకండి. "ఓగ్బెచే లాంటి స్ట్రైకర్ ఇంకొకడు కావాలె" అనండి. ఛాంపియన్ అయిన సీజనులో పద్దెనిమిది గోల్స్ కొట్టిన మనిషి. అలాంటివాడు ఇంకొకడు ఎవరికి వద్దు?

నేను అడగలేదు. మీరు అడగలేదు. 2022లో మన ఆటగాడు ఆశిష్ రాయ్ కోల్‌కతా పోయాడు, నేను "మంచిగైంది" అన్నాను. 2023లో ఆకాశ్ మిశ్రా ముంబై పోయాడు, మనోలో గోవా పోయాడు, "పీడ పోయింది" అన్నాను. బకాయిలు తీర్చలేదని కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. సరిగ్గా ఆ వారంలోనే నేను మా బల్ల మీద అర్జెంటీనా నుంచి ఒకణ్ణి, జపాన్ నుంచి ఒకణ్ణి కొన్నాను. నిషేధం క్లబ్బుకు గాని బల్లకు కాదు. 2023–24లో ఇరవై రెండు మ్యాచుల్లో ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో అడుగున మిగిలాం. నేను కొన్న ఇద్దరూ ఆడి ఉంటే ఆ గతి పట్టేది కాదు.

2025 అక్టోబరులో క్లబ్బు మొత్తం ఢిల్లీకి పోయింది. పేరు కూడా మారింది: స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఆ వార్త వచ్చినప్పుడు మేము ఇద్దరం లెఫ్ట్ బ్యాక్ ఎవరన్న దాని మీద తన్నుకుంటున్నాం. రెండో దోస్తు ఫోను చూసి, "అన్నా, ఆగుండ్రి. క్లబ్బే లేదు" అన్నాడు. "లెఫ్ట్ బ్యాక్ సంగతి తేలనీయ్ ముందు" అన్నాను.

బాధపడకండి. మన మామిడి ఏటా ఢిల్లీ పోతుంది, ఎవరైనా ఏడుస్తున్నారా? మంచి సరుకు ఢిల్లీ పోతుంది. ఆరేళ్ళు మన చెట్టుకు కాసింది, కోసుకుపోయారు.

హైదరాబాద్‌లో ఇంకో క్లబ్బు ఉంది, శ్రీనిధి డెక్కన్. ఐ-లీగ్‌లో వరుసగా రెండేళ్ళు రెండో స్థానంలో నిలిచింది. దాని ఆటగాళ్ళలో ఒక్కడి పేరు కూడా మా బల్ల మీద ఎవరికీ రాదు. పోకుండా ఉండటానికి ఆ క్లబ్బు ఏం పాపం చేసిందో ఇంకా తేలలేదు. మీ వంతు సాయంగా దాన్ని కూడా పట్టించుకోకండి.

10. పక్క జిల్లా వైపు చూడకండి.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతుంది. 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ మహిళల జట్టు ఆమెను తీసుకుంది. మెట్‌పల్లి దాటితే వచ్చే జిల్లా నుంచి యూరప్‌కు ట్రాన్స్‌ఫర్! ఇది చర్చకు పెడితే రొనాల్డో మోకాలికి సమయం ఎక్కడిది? పైగా ఎవడైనా చెల్లెల్ని గ్రౌండుకు పంపిస్తానంటాడు. గ్రౌండు ఎక్కడుందని అడుగుతాడు. ఆ దారిలో పోవద్దు.

ముసలాయనలు వచ్చి రహీం సాబ్ కథ చెబితే మర్యాదగా వినండి, ఫోను చూసుకుంటూ. హైదరాబాద్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చింది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. ఆ టోర్నీలో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి ఇంటికి పంపలేదు, ముందు వరుసలో దించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద జర్నైల్ గోల్ కొట్టాడు. నేను అక్కడ ఉంటే, "డిఫెండర్ను ముందు దించుతవా? నీకు ఆట తెలుసా?" అని రహీం సాబ్‌నే నిలదీసేవాణ్ణి. నేను అప్పటికి పుట్టకపోవడం ఆయన అదృష్టం.

11. నేర్చుకున్నదంతా ఊరి జట్టు మీద ప్రయోగించండి.

సిద్ధాంతం ఉండి ప్రయోగం లేకపోతే ఎట్లా? పోయిన దసరా సెలవుల్లో మా వాడకట్టు జట్టు ఎంపిక నా చేతిలో పెట్టారు. పదకొండు మందిని పావుగంటలో తేల్చాను. మీరూ ఇట్లాగే చేయండి.

బంతి ఎవడిదో వాడు సెంటర్ ఫార్వర్డ్. వాణ్ణి తీసేస్తే బంతితో పాటు ఇంటికి పోతాడు. జెర్సీలు కుట్టించిన ఎరువుల దుకాణం సేటు కొడుకు కెప్టెన్. పదో నంబరు తనకే కావాలని ముగ్గురు పట్టుబడితే ముగ్గురికీ పది ఇవ్వండి. ఆలస్యంగా వచ్చినవాడు గోల్ కీపర్. మా బావ కొడుకు మిడ్‌ఫీల్డ్, ఎందుకంటే మా అక్క అడిగింది.

ఒకడు మాత్రం మిగిలాడు. సిరిసిల్ల పిల్లగాడు, అమ్మమ్మ ఇంటికి వచ్చినవాడు. రాత్రి షిఫ్టు సాంచాల మీద పనిచేసి, పొద్దున బస్సు దిగి నేరుగా గ్రౌండుకు వచ్చాడు. చెవుల వెనక ఇంకా దూది అంటుకునే ఉంది. బూట్లు లేవు. బంతి కాలికి తగిలితే విడిచిపెట్టట్లేదు. ఇద్దరిని దాటాడు, ముగ్గురిని దాటాడు, వెనక్కి తిరిగి మళ్ళీ అదే ముగ్గురిని దాటాడు. "వీడు పాస్ ఇయ్యడు" అని బెంచీ మీద కూర్చోబెట్టాను. బెంచీ అంటే గోడ పక్కన రాయి.

మొదటి మ్యాచ్ 0–7. సాకులు ముందే రాసి పెట్టుకున్నాను కాబట్టి ఇబ్బంది లేకపోయింది: ఎండ మన కళ్ళలో పడ్డది, సగం ఆట తర్వాత దిక్కు మారినా ఎండ కూడా మారింది. గ్రౌండు వాళ్ళ వైపు వాలు ఉన్నది. రెఫరీ వాళ్ళ మేనమామ. మూడో సాకు నిజం, అయినా వాడండి.

రెండో రోజుకు మెట్‌పల్లి వాళ్ళు వచ్చి రాయి మీద కూర్చున్న పిల్లగాణ్ణి అడిగారు. ట్రాన్స్‌ఫర్ ఫీజు ఒక చికెన్ బిర్యానీ, ఒక థమ్సప్. అందులో సగం బిర్యానీ నేను తిన్నాను, ఏజెంటు కమీషను. తర్వాతి మ్యాచ్‌లో వాడు మా మీద నాలుగు కొట్టాడు. నాలుగోది కొట్టాక గోడ పక్కన రాయి దగ్గరికి ఉరికి వచ్చి, దాని మీద ఒక్క క్షణం కూర్చుని లేచి పోయాడు. జనం ఎందుకు చప్పట్లు కొట్టారో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు మా వాడకట్టు జట్టు లేదు. బంతి గలవాడు దాన్ని మంచం కింద పెట్టాడు, గాలి పోయింది. గాలి కొట్టే సూది నా దగ్గర ఉంది, ఎక్కడ పెట్టానో గుర్తులేదు. సాయంత్రాలు అందరూ తీరికగా ఉంటున్నారు కాబట్టి బల్ల చుట్టూ సంఖ్య పెరిగింది. దీన్నే అభిమానుల సంఖ్య పెరగడం అంటారు.

12. లేవడం నేర్చుకోండి.

చర్చ బాగా వేడెక్కినప్పుడు, బిల్లు వచ్చేముందు, ఫోను చెవికి పెట్టి "హలో, ఆ అన్నా, వస్తున్న" అంటూ మెట్లు దిగండి. చెప్పులు మెట్ల దగ్గరే, ముక్కు బయటి వైపు పెట్టి విడవండి. పన్నెండేళ్ళు నాకు పనిచేసింది.

కానీ మా హోటలాయనకు ఫుట్‌బాల్ అంటే పడదు. ఆయనకు నెయ్‌మార్ రేటు తెలియదు, బోస్‌మన్ తెలియడు, నోట్‌బుక్కు ఒక్కటే తెలుసు. పోయిన వారం నాలుగో బల్ల లేపేసి అక్కడ చెరుకు రసం మిషను పెట్టాడు. నా పేజీ మీద 4,380 రూపాయలు, పగిలిన గ్లాసుతో కలిపి. ఫ్రీ ట్రాన్స్‌ఫర్ కుదరదని నా ఇద్దరు దోస్తులతో కబురు పంపాడు. వాళ్ళిద్దరూ ఇప్పుడు వేరే బల్ల దగ్గర, నేను లేకుండానే, మాంచెస్టర్‌ను నడుపుతున్నారట.

మీలో ఎవరైనా కోరుట్ల బస్టాండు దిక్కు పోతే, హోటలాయన నా సంగతి అడిగితే, రియాద్ పోయిండని చెప్పండి.